నాలుగు బిళ్లలు కలిసే మూల

1944 వేసవిలో సిద్దిపేటలోని మా సంఘం కొత్త మందిరానికి నేల పరిచే పని నాకు అప్పగించింది. అప్పటికి నేను హైదరాబాదులో ఒక సిమెంటు బిళ్లల కార్ఖానాలో నమూనాలు గీస్తుండేవాణ్ణి. యుద్ధం వల్ల సిమెంటు సర్కారు పర్మిట్ మీద తప్ప దొరకడం లేదు. కార్ఖానా సగం రోజులు మూసే ఉండేది, సెలవు అడగగానే ఇచ్చారు. నేను పుట్టింది సిద్దిపేటలోనే. బాప్తిస్మం పొందిందీ, ఆదివారపు బడిలో వాక్యం కంఠస్థం చేసిందీ అక్కడి మిషను కాంపౌండులోనే. సొంత సంఘానికి నేల పరచడం నాకు పనిగా కాక కానుకగా అనిపించింది.

ఈ పని తెలియనివారికి కొంచెం చెప్పాలి. సిమెంటు బిళ్లను కాల్చరు. ఇత్తడి రేకుతో చేసిన అచ్చులో రంగు కలిపిన సిమెంటును గదులవారీగా పోసి, అచ్చు పైకి తీసేసి, మీద పొడి సిమెంటు చల్లి ప్రెస్సుతో నొక్కుతారు. తరవాత నీళ్లలో నానబెడతారు. అచ్చులో ఏ గది ఎక్కడుండాలో గీసేవాడు నాలాంటి నమూనాదారు. కొనేవాడు చూసేది ఒక బిళ్లను. వాడి ఇంట్లో పరిచేది వందల బిళ్లలను. ఈ రెంటికీ ఉన్న తేడాయే మా వృత్తి అంతా.

ఆ తేడాను నాకు నేర్పింది మిషను పారిశ్రామిక పాఠశాలలోని మా డ్రాయింగు మాస్టరు. ఆయన ఒక చేతిలో పటికబెల్లం ముక్క, ఇంకో చేతిలో చీర చెంగు పట్టుకొని పాఠం మొదలుపెట్టేవారు. స్ఫటికంలో కంటికి కనబడని రేణువులు ఎలా వరుసగా కూర్చుంటాయో, బట్ట మీద పువ్వులు అలాగే కూర్చుంటాయని చెప్పేవారు. ప్రతి పువ్వు నడుమ ఒక చుక్క పెట్టి, పువ్వులు చెరిపేసి, చుక్కలు మాత్రం మిగల్చమనేవారు. ఆ చుక్కల వరుసల పేరు లాటిస్. చదునైన జాగాలో లాటిస్‌లు ఐదే రకాలు. చదరంగా ఉండేది ఒకటి, పొడవు చదరంగా ఉండేది ఒకటి, పొడవు చదరానికి నడుమ ఇంకో చుక్క ఉండేది ఒకటి, తేనెపట్టు గదుల నడుమ చుక్కలు పెడితే వచ్చేది ఒకటి, ఏ కొలతా ఏ కొలతకూ కుదరక వాలుగా ఉండేది ఒకటి. ఆరోదాన్ని గీయమని ఆయన పందెం కట్టేవారు. మేము రాత్రంతా గీసి తెచ్చినది చూసి, ఇది మూడోదే, పక్కకు తిప్పి తెచ్చావు అని నవ్వేవారు. ఈ ఐదింటి మీద తిప్పడాలూ అద్దంలో చూపడాలూ కలిపితే నమూనాలు పదిహేడు రకాలవుతాయి, పద్దెనిమిదోది లేదు. మనుషులు ఎన్ని వేల చీరలు నేసినా, ఎన్ని మసీదులకూ కోటలకూ జాలీలు చెక్కినా ఆ పదిహేడులోనే ఉంటారు. దేవుడు తన చేతిపనికి పెట్టిన కట్టడ మనుషుల చేతిపనికి కూడా వర్తిస్తుందని నాకు మొదటిసారి తెలిసింది ఆ తరగతి గదిలో. ఆ రోజు నుంచి నాకు నమూనా గీయడం ప్రార్థనకు దూరమైన పనిగా అనిపించలేదు.

ఈ కథకు కావలసిన కట్టడ ఒకటుంది. చదరపు బిళ్ల మీది బొమ్మను పావు చుట్టు తిప్పినా మారకపోతే, ఆ నేలకు అలా తిప్పగల కేంద్రాలు ఒక రకమే ఉండవు, రెండు రకాలు ఉండి తీరతాయి. ఒకటి బిళ్ల నడుమ. రెండోది నాలుగు బిళ్లలు కలిసే మూల దగ్గర. మొదటిదాన్ని నమూనాదారు గీస్తాడు. రెండోది అతను గీసినా గీయకున్నా పుడుతుంది. అందుకే కార్ఖానాలో నాలుగు బిళ్లలు కలిపి పరచి చూపించందే ఏ నమూనానూ ఒప్పుకోనివ్వం.

సిద్దిపేటకు మాత్రం ఒక్క బిళ్లనే తెచ్చాను. బొగ్గు గ్యాసుతో నడిచే బస్సు అది, ఎత్తు వచ్చినచోటల్లా జనం దిగి నెట్టాలి, అందరి మూటలూ అందరి ఒళ్లలో ఉన్నాయి. ఎనిమిదంగుళాల బిళ్ల, గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. నేను గీసినది కాదు, కార్ఖానాలో నేను చేరకముందు నుంచీ ఉన్న అచ్చు, నాలుగు కలిపి పరచగా నేనెప్పుడూ చూడలేదు. తెల్లటి నేల మీద నడుమ ఎర్రటి ఎనిమిది రేకుల పువ్వు, నాలుగు మూలల్లో తాపీవాళ్లు మూల సరిచూసే మూలమట్టంలా, రెండు అంచుల వెంట మడిచినట్టున్న ఎర్రటి చిన్న పట్టీలు. సంఘపెద్దలు దాన్ని చేతి నుంచి చేతికి మార్చుకుంటూ చూశారు.

చివరికి అది రాహేలవ్వ చేతికి వచ్చింది. ఆమె సంఘంలో అందరికంటే ముందు విశ్వాసంలోకి వచ్చిన మనిషి. ఊరి బావిలో నీళ్లు చేదుకోనివ్వని వాడలో పుట్టింది. భర్త పోయినప్పటి నుంచి కూలికి పోయి కొడుకును పెంచింది. కొత్త మందిరం గోడలకు సున్నం దంచిన ఆడవాళ్లలో ఆమె ఉంది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా మా ఆరాధన జరిగిన పాత పాకలో శనివారం శనివారం నేల అలికింది ఆమే. బిళ్ల మీద బొటనవేలు రాసి చూసింది.

"సల్లగున్నది. మోకాళ్లకు మంచిగుంటది."

"అలుకు పని తప్పుతది నీకు," అన్నాడు సంఘపెద్ద యాకోబు.

"నాకు తప్పుతది గని, నీ కాళ్లకు బురద తప్పదు యాకోబూ. తడి అలుకు మీద నీ అచ్చులు ఎన్ని మార్లు దిద్దిన్నో లెక్కలేదు."

అందరూ నవ్వారు. బిళ్ల ఖాయమైంది.

సరుకు వచ్చాక, ప్రభువు బల్ల వైపు నుంచి పరచడం మొదలుపెట్టాను. మా పనిలో ఎప్పుడూ లోపలి గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ గడప దగ్గర ముగిస్తాం. పచ్చి గచ్చును తొక్కకుండా బయటపడే పద్ధతి అది. నాలుగో బిళ్లను కూర్చోబెట్టి కర్రతో తట్టి చెయ్యి తీసేసరికి, నాలుగు మూలల ఎర్ర పట్టీలూ కలిసి చక్కని సిలువ అయింది. చేతులు నాలుగూ సమానంగా, అతుకు కూడా కనబడకుండా.

తట్టే కర్ర కింద పెట్టేశాను. రెండో కేంద్రంలో ఏదో ఒకటి పుడుతుందని తెలుసు. మూలమట్టాలు నాలుగు కలిస్తే ఏమవుతుందో లెక్కవేసుకోవడం నాకు పెద్ద పని కాదు. అయినా దాన్ని కళ్లతో చూసినప్పుడు అది లెక్కలా అనిపించలేదు. పాస్టరు దేవసహాయం అయ్యగారిని పిలిచాను. ఆయన గొంతుక్కూర్చొని చాలాసేపు చూశారు.

"నువ్వు గీసినవా?"

"ఎవ్వరు గీయలేదయ్యగారూ. నాలుగు మూలలు కలిస్తే వచ్చింది."

"ఒక్క బిళ్ల మీద లేదు."

"లేదు."

ఆ ఆదివారం పాత పాకలో ఆయన చెప్పిన ప్రసంగం నాకిప్పటికీ గుర్తుంది. ఒంటరి బిళ్లకు మిగిలేది ఒక విరిగిన ముక్క, నలుగురు కలిసినచోట సిలువ నిలుస్తుంది, సంఘమంటే అదే అన్నారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను ఆ వారమంతా పాటలు పాడుకుంటూ పరిచాను. మందిరం నిండా వందల సిలువలు లేచాయి. పెద్దలు వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి, చెప్పులు విడిచిన కాళ్లతో కూడా లోపలికి రాకుండా, గచ్చు ఆరాలి కదా అని వెళ్లిపోయేవారు. మేమంతా దాన్ని గోడ మీది బొమ్మను చూసినట్టు చూశాం. నేల అన్నది తొక్కడానికి ఉంటుందని, అంత భక్తి గలవాళ్లమై ఉండి, ఒక్కరికీ తోచలేదు.

ప్రతిష్ఠ రోజున అయ్యగారు తలుపు తెరిచి, మొదటి అడుగు రాహేలవ్వ పెట్టాలన్నారు. ఆమె తెల్లచీర కట్టుకొని వచ్చింది. గడప దాటబోతూ కిందికి చూసింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే వెనక్కి తీసుకుంది.

"ఏందవ్వా, నడువు," అన్నాడు వెనక నుంచి యాకోబు.

"కింద సిలువలున్నయి."

"ఉంటే ఏమాయె? దయ్యాలు గావు గద."

"సిలువలు గాబట్టే రాను."

వెనక జనం ఆగిపోయింది. ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చింది. "మీరు పొండ్రి. నేను ఒగలను పోవద్దంటలేను," అని వరండా స్తంభానికి ఆనుకొని కూర్చుంది. జనం ఒక్కొక్కరే లోపలికి వెళ్లారు. ఆమె మాట విన్నవాళ్ల నడక మారిపోయింది. పువ్వుల మీద మాత్రమే అడుగు వేయాలని కొందరు చూశారు, పిల్లలు దాన్ని ఆటగా చేసుకొని గెంతారు.

ఆ రోజు ప్రభు భోజనం ఉంది. ఆమె ఏళ్ల తరబడి ఎదురుచూసినది అదే, సొంత మందిరంలో, ప్రభువు బల్ల ముందు మోకరించి రొట్టె, పాత్ర తీసుకోవడం. అందరూ తీసుకున్నాక అయ్యగారు గడప దగ్గరికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను.

"రాహేలవ్వా, లోపలికి రా. బల్ల సిద్ధంగ ఉన్నది."

"గీడికే తెచ్చియ్యి అయ్యా. గడప మీద మోకాళ్లూనుత."

 ఆయన ఆమె ఎదుట కూర్చున్నారు.

"గడప అవతల ఉంచి నీకు ఇయ్యలేనవ్వా. బాయి కాడ గట్లనే పైనుంచి పోసిన్రు నీకు. దుకాణంల గట్లనే దూరంగ ఇసిరిన్రు. దేవుని ఇంట్లగూడ నువ్వు బయట కూసొని చెయ్యి సాపుడు నేను చూడలేను."

"నువ్వన్నది నిజమే."

"మరి రా."

"ఎట్లొస్త? గాయన రక్తం కారిన మాను గది. నెత్తిన పెట్టుకునేదాన్ని కాళ్ల కింద ఎట్ల పెడుత?"

"చాపలు పరిపిస్త."

"చాప కింద ఉంటే లేనట్టా అయ్యా? నాకు ఎరుకైంది గద."

ఎవరో ఎత్తుకొని తీసుకుపోతామన్నారు. ఎత్తుకున్నవాళ్ల కాళ్లు తొక్కవా అని ఆమె అడిగింది. అయ్యగారు ఆమె తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి లోపలికి వెళ్లారు. ఆ రోజు ఆమె ఏమీ తీసుకోలేదు. ఆయన మీద ఆమెకు కోపం లేదు, ఆమె మీద ఆయనకు లేదు. అందుకే ఆ చిక్కు తీరలేదు. ఎవరైనా మొండితనం చేసి ఉంటే సర్దిచెప్పేవాళ్లం.

కార్ఖానా ఆ నెలలోనే పూర్తిగా మూతపడింది. నేను సిద్దిపేటలో ఉండిపోయాను. ప్రతి ఆదివారం ఆమె వరండాలో కూర్చొని పాటలు పాడేది, లోపలివాళ్ల కంటే గట్టిగా. ప్రభు భోజనం వచ్చిన ఆదివారాల్లో మాత్రం నోరు విప్పేది కాదు. అప్పుడామె ముఖం చూడలేక నేను కూడా తల వంచుకొనే బల్ల దగ్గరికి వెళ్లేవాణ్ణి. ఇంకా ఎన్ని నెలలు ఆమెకు నడిచే ఓపిక ఉంటుందో ఎవరం చెప్పలేం.

మిగిలిన బిళ్లలు కొన్ని కాంపౌండులో ఉన్నాయి. వాటిని ఎలా పరిస్తే సిలువ రాదో చూద్దామని వేపచెట్టు నీడన నేల చదును చేశాను. ఆమె కూడా వచ్చి కూర్చుంది. నేను మాస్టరు నేర్పిన వరుసలోనే వెళ్లాను. మొదట ఒక బిళ్లను పావు చుట్టు తిప్పి పెట్టాను. మళ్లీ తిప్పాను.

"తిప్పుతనే ఉన్నవు, ఏం మారకపాయె," అందామె.

"గదే దీని గుణం అవ్వా. తిప్పినా మారదు. దీన్నే రొటేషన్ సిమెట్రీ అంటరు."

"పేరు మంచిగున్నది. పని అయితలేదు."

బొమ్మకు రెండు వైపులా అద్దం పెట్టినా అదే బొమ్మ. తిప్పడంతోనూ తిరగేయడంతోనూ లాభం లేదు. తరవాత బిళ్లలను మూలగా, గాలిపటంలా పరిచాను. లాటిస్ అదే చదరం, నడిచేవాడి ముందు పక్కకు ఒరిగి ఉంటుంది, అంతే. ఆమె తల అడ్డంగా ఊపింది. "గదే సిలువ. పండుకున్నది."

మిగిలింది జరపడం. ఇటుక గోడ కట్టినట్టు ఒక వరుస విడిచి ఒక వరుసను సగం బిళ్ల పక్కకు జరిపాను. ఇప్పుడు నాలుగు మూలలు ఎక్కడా కలవవు. చదరపు లాటిస్ పోయి, మూడో రకం వస్తుంది, పొడవు చదరానికి నడుమ చుక్క ఉన్నది. పావు చుట్టు తిప్పే కేంద్రాలు ఒక్కటీ మిగలవు. నాకు ఇది జవాబు అనిపించింది. నేను లేచి దూరంగా నిలబడి సంతోషంతో చూస్తున్నాను. ఆమె వంగి ఒక్కొక్క అతుకునూ వేలితో తడిమింది.

"ఏమైందవ్వా? సిలువ లేదు గద."

"ఇరగ్గొట్టినవు బిడ్డా. గిటు చూడు, దీనికి తల లేదు. దానికి కాలు లేదు. తొక్కుడు కన్న ఇరగ్గొట్టుడు పెద్ద పాపం."

చూస్తే నిజమే. రెండేసి మూలమట్టాలు కలిసి సగం సిలువలు అయ్యాయి. కేంద్రం పోయింది, ముక్కలు ఎక్కడికి పోతాయి. పదిహేడు రకాల పేర్లూ నాకు నోటికి వచ్చు. మనిషి కంటికి సగం బొమ్మ కూడా మొత్తం బొమ్మే అన్నది వాటిలో ఏ పేరులోనూ లేదు.

ఆ తరవాత కొన్నాళ్లు ఆలోచించి, షాబాదు బండను బిళ్ల కొలతకే కోసి తెప్పించాను. రెండు బిళ్లలు ఎటునుంచీ ఒకదాన్నొకటి తాకకుండా, ప్రతి బిళ్ల చుట్టూ నున్నటి నల్లబండలు వచ్చేలా పరిచాను. లాటిస్ మళ్లీ చదరమే, చుక్కల మధ్య దూరం రెండింతలు. మూల దగ్గర ఇప్పుడు ఒక్క పట్టీ ఒంటరిగా ఉంటుంది, పక్కన బండ. ఆమె దాని మీద వేలు పెట్టి చూసింది.

"గిది తాపీవాళ్ల పనిముట్టు లెక్కున్నది."

"మూలమట్టం."

"గిది తొక్కచ్చు," అని లేచి, నేను పరిచిన ఆ చిన్న చాపంత నేల మీద అటు నుంచి ఇటు నడిచింది. మళ్లీ ఇటు నుంచి అటు నడిచింది. "ఎప్పుడు ఏస్తవు?"

ఎప్పుడన్నది నా చేతిలో లేదు. ప్రతిష్ఠ అయిన మందిరం నేలను తవ్వాలంటే మిషను పెద్దల అనుమతి కావాలి. సంఘంలో కూడా మాటలు లేచాయి. ఒక్క ముసలమ్మ కోసం కొత్త నేల పగలగొడతారా అని యాకోబు సభలో అడిగాడు. అయ్యగారు లేచి, "ఒక్క ముసలమ్మ కోసమే," అన్నారు. యాకోబు కూర్చున్నాడు. తరవాత బండలు మోయడానికి అందరికంటే ముందు వచ్చింది అతనే.

అనుమతి వచ్చేసరికి వానాకాలం నడుమకు వచ్చింది. సిమెంటు కొరత వల్ల బిళ్లలను సున్నంలో సుర్కీ, అంటే ఇటుకపొడి, కలిపిన గచ్చులో పరిచాం. అది ఇంకా పూర్తిగా గట్టిపడలేదు కాబట్టి బిళ్లలు విరగకుండా చాలావరకు లేచాయి. వారం తిరిగేసరికి మొత్తం నేల తీసేశాం. కింద ఉన్న పాత గచ్చు చెక్కి, మట్టిని గట్టిపడేలా దిమ్మిస కొట్టించాను. పని జరుగుతోందని ఆ ఆదివారం ఆరాధనను బడి గదిలో పెట్టుకున్నాం. రాహేలవ్వ రాలేదు. చలిజ్వరం పట్టిందని కోడలు శాంతమ్మ చెప్పింది.

మధ్యాహ్నం అయ్యగారు రొట్టె, పాత్ర తీసుకొని ఆమె గుడిసెకు బయలుదేరారు. జబ్బుపడినవాళ్లకు ఇంట్లో ఇవ్వడం ఆచారంలో ఉన్నదే. నన్ను కూడా రమ్మన్నారు, నేల సంగతి నేను చెబితే ఆమె సంతోషిస్తుందని. రాహేలవ్వ గొంగడి కప్పుకొని మంచం మీద పడుకొని ఉంది. అయ్యగారిని చూసి లేవబోయింది.

"లేవకవ్వా. నేనే వచ్చిన నీ ఇంట్లకు."

"కూసొ అయ్యా. మా ఇంటికి వస్తివి, పీటన్న లేదు."

నేను నేల తీసేసిన సంగతి చెప్పాను. ఆమె కళ్లు నా వైపు తిరిగాయి.

"సిలువలన్ని పోయినయా?"

"ఒక్కటి లేదవ్వా. అంత మట్టే ఉన్నది. రేపటి సంది బండలు పరుస్త."

"ఎన్ని దినాలు?"

"పరుసుడు పది దినాలు. ఆరుడు ఇంకో పది."

అయ్యగారు గుడ్డ విప్పి రొట్టె పళ్లెం బయటికి తీశారు. ఆమె దాన్ని చూసి చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దయ్యా. ఇప్పుడొద్దు."

"ఎందుకవ్వా?"

"ఇన్ని నెలలు ఆగిన. నేల అయితున్నదంటుండు గద. గాడనే మోకాళ్లూనుత. పండుకొని తీసుకునుడేంది."

"జబ్బు చేసినప్పుడు ఇట్ల తీసుకోవచ్చు. ప్రభువు గాడ ఎంతనో గీడ గంతనే."

"నాకు తెల్వదా అయ్యా? గని నన్ను నడిచి రానియ్యి."

ఆయన బలవంతపెట్టలేదు. ఆ మాట చెప్పిన గొంతులో నిరాశ లేదు, పెళ్లికి పోయేవాళ్ల గొంతులో ఉండేది ఉంది. బయటికి వచ్చాక, జ్వరం తగ్గితే మంచిదే, అదే బాగుంటుంది అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. మరునాడు బల్ల వైపు గోడ దగ్గర మొదటి వరుస పరిచాను.

బల్ల ముందు జాగా వరకు పని వచ్చిన రోజున ఆమె పోయిందని శాంతమ్మ కొడుకును వెంటబెట్టుకొని వచ్చి చెప్పింది. మునుపటి సాయంత్రం జ్వరం దిగినట్టే దిగి, తెల్లవారి మళ్లీ పైకి పోయిందట. దవాఖానకు తీసుకుపోవడానికి బండి కట్టేలోపే అయిపోయింది.

అయ్యగారు శవాన్ని మందిరంలోకే తెమ్మన్నారు. తొక్కడానికి ఇక అక్కడ సిలువ లేదు. మోసేవాళ్లలో యాకోబు ఒకడు, నేను ఒకణ్ణి. గడప దాటి అడుగు పెట్టాను. కాళ్ల కింద దిమ్మిస చేసిన మట్టి. వానల తేమకు చల్లగా, కాస్త మెత్తగా, అచ్చం మా పాత పాకలో నేలలా ఉంది. గడప నుంచి బల్ల దగ్గరి కొత్త బండల దాకా అంతా మట్టే.

యాకోబు ఆగిపోయాడు. నా వైపు చూశాడు. మెల్లగా అన్నాడు, "మేస్త్రీ, గిది అలికిన నేల లెక్కున్నది."

 ఆ మాట అయ్యగారికి కూడా వినబడింది. ఆయన బల్ల ముందు నిలబడి పుస్తకం తెరిచి, పేజీ వైపు కాక కింది మట్టి వైపు చూశారు.

ఆ తరవాత ముప్ఫై ఏళ్లకు పైగా నేలలు పరిచాను. మందిరాలకు, బడులకు, షావుకార్ల ఇళ్లకు. ఒక్క బిళ్లను చూసి నమూనా ఎంచుకోనివ్వను. నాలుగు బిళ్లలు కలిపి పరచి, బొమ్మ నడుమ కాదు, మూల చూడండి అని చెబుతాను. ఆ తరవాత చెప్పులు విడిచి దాని మీద నడవమంటాను. ఇంట్లో ముసలివాళ్లు ఉంటే వాళ్లను ముందు నడవమంటాను. లాటిస్‌లు ఐదేనని, నమూనాలు పదిహేడేనని నేర్చుకున్నది ఇప్పటికీ నిజమే, వాటిని పెట్టినవాడి మీద నా విశ్వాసం ఏమీ తగ్గలేదు. దేవుడు ఆమెను ఏ గడప దగ్గరా ఆపి ఉంచడని నాకు తెలుసు. అయినా ఈ లోకంలో ఆమె కోరింది చిన్న సంగతి, మా చేతుల్లో ఉన్న సంగతి.

మా వృత్తిలో బిళ్లలు లేచిపోయిన నేలను నేల అనం, పని సగంలో ఉంది అంటాం. నాకు అలా చూడటమే అలవాటు. అయ్యగారికీ పెద్దలకూ నా మాట మీద అలాగే అనిపించింది. ఆమె కూడా నా మాటే నమ్మింది. జీవితమంతా మట్టి నేల మీద మోకరించిన మనిషిని మేము రాతి నేల ఆరేదాకా ఆగమన్నాం. ఆదివారం మధ్యాహ్నం నేను ఆమె గుడిసెలో కూర్చొని ఇరవై రోజులు అని చెప్పినప్పుడు, నలుగురం కలిసి ఆమెను మంచంతో సహా తీసుకుపోయి బల్ల ముందు దింపగలిగేవాళ్లం. ఆ వారమంతా నేల సిద్ధంగానే ఉంది.